వంక ఎటు పోయింది? పర్యావరణ అనుమతుల చిక్కుముడి, మన తిరుపతి లెక్కలో

2021 నవంబర్‌లో తిరుపతిలో కురిసిన వానను మా వీధివాళ్లెవరూ మర్చిపోలేరు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి దూకుతున్న నీళ్ల వీడియోలు ఫోన్లలో చూస్తూ ఉండగానే మా సెల్లార్‌లో బైకులు మునిగిపోయాయి. ఆ తర్వాత రెండు మూడు రోజులకే రాయలచెరువు కట్టకు గండి పడేలా ఉందని, కింది ఊళ్లను ఖాళీ చేయిస్తున్నారని వార్త. ఊరంతా టెన్షన్.

నీళ్లు కాస్త తీశాక మా ఎదురింటి అవ్వ గేటు దగ్గర నిలబడి, బురదలో కూరుకుపోయిన మా పార్కింగ్ వైపు చెయ్యి చూపించి ఒక మాట చెప్పింది. "ఈడ వంక పారేది నాయనా. నేను పెండ్లై వచ్చిన కొత్తల్లో ఈడనే గుడ్డలు ఉతుక్కునేది."

మా అపార్ట్‌మెంట్‌కు ప్లాన్ అప్రూవల్ ఉంది. బ్యాంకు లోన్ ఇచ్చింది. రిజిస్ట్రేషన్ జరిగింది. ఇన్ని సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరైనా ఇక్కడి వాననీళ్లు ఎటు పోతాయని అడిగారా? అసలు ఆ ప్రశ్న అడగాల్సిన బాధ్యత ఎవరిది? అప్పటినుంచి ఈ రూల్స్ చదువుతూనే ఉన్నాను. నాకు అర్థమైనంతవరకు విప్పి చెబుతాను.

ముందు ఒక అపోహ తీసేసుకోవాలి. పెద్ద కట్టడం ఏది వచ్చినా మున్సిపాలిటీ వాళ్లు పర్యావరణం కోణంలో చూసే అనుమతి ఇస్తారని చాలామంది అనుకుంటారు. మన దేశంలో అలా లేదు. 'పర్యావరణ అనుమతి' అనే కాగితం ఇచ్చేది కార్పొరేషన్ కాదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఏ ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి కావాలో అందులో షెడ్యూల్ ఉంది. ఎ కేటగిరీ ప్రాజెక్టులను కేంద్ర పర్యావరణ శాఖ చూస్తుంది. బి కేటగిరీవి రాష్ట్ర స్థాయి అథారిటీకి వెళ్తాయి. దాన్ని అందరూ సియా అంటారు. నిపుణుల కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తే సియా నిర్ణయం తీసుకుంటుంది.

భవనాల విషయంలో గీత ఎక్కడ పడిందో చూడండి. మొత్తం కట్టుబడి విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితేనే ఈ అనుమతి కావాలి. 1,50,000 చదరపు మీటర్లు దాటినా, లేఅవుట్ 50 హెక్టార్లు దాటినా టౌన్‌షిప్ కింద లెక్క, పరిశీలన ఇంకాస్త లోతుగా ఉంటుంది. 20,000 చదరపు మీటర్లంటే సుమారు 2,15,000 చదరపు అడుగులు. సెల్లార్, మెట్లు, పార్కింగ్ అన్నీ కలుపుకొనే ఈ లెక్క. 1,200 అడుగుల ఫ్లాట్లయితే రమారమి 150 దాటాలన్నమాట. మన ఊళ్లో అంకణాల లెక్కన స్థలం కొని ఐదంతస్తులు లేపే లాడ్జీల్లో, అపార్ట్‌మెంట్లలో ఆ గీత దాకా వెళ్లేవి ఎన్ని? మాది 40 ఫ్లాట్లు. మా పక్కది 25. దాని వెనక ఇంకో 30. విడివిడిగా ఏదీ గీత దాటదు. వంక మాత్రం ఈ మూడింటి కిందా ఒకటే.

నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. రూలు ప్లాటును చూస్తుంది. నీళ్లు వాలును చూస్తాయి.

గీత దాటిన ప్రాజెక్టు సంగతి ముందు చూద్దాం. దరఖాస్తు పరివేశ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్ పోర్టల్‌లో పడుతుంది. నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు, మురుగు ఎక్కడ శుద్ధి చేస్తారు, తవ్విన మట్టి ఏం చేస్తారు, ఎన్ని చెట్లు పోతాయి, వాననీళ్లకు దారేది అని ప్రశ్నలుంటాయి. ఈ కాగితాలు నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అనుమతి చేతికి రాకముందు స్థలానికి కంచె వేసుకోవచ్చు, వాచ్‌మన్‌కు షెడ్డు వేసుకోవచ్చు. అంతకుమించి పునాది తవ్వడం కాదు కదా, భూమి చదును చేయడం కూడా కుదరదు. మీ వీధిలో బోర్డు పెట్టకముందే పొక్లెయిన్ దిగితే అడగాల్సిన మొదటి ప్రశ్న: అనుమతి వచ్చిందా?

షెడ్యూల్లో ఉన్న క్వారీలు, ఫ్యాక్టరీల్లో చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. కలెక్టరో, ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారో సభకు అధ్యక్షత వహించాలి. ఒక మంచి నియమం చాలామందికి తెలియదు: సభ ముగిసేటప్పుడు, అక్కడ ఎవరేం మాట్లాడారో రాసిన సారాంశాన్ని అందరికీ వినిపించాలి, స్థానిక భాషలో వివరించాలి, ఆ రోజే సంతకాలు కావాలి. మైకు ముందు గట్టిగా మాట్లాడి ఇంటికెళ్లిపోవడం కంటే, చివరిదాకా కూర్చుని మన మాట రాశారో లేదో వినడం ముఖ్యం. ఎందుకంటే పైన కమిటీ ముందుకు వెళ్లేది రాసిందే.

కానీ భవనాలకు, టౌన్‌షిప్‌లకు ఈ సభ లేదు. 2006 నోటిఫికేషనే వాటిని మినహాయించింది. క్వారీకి ఊరిని అడుగుతారు, వెయ్యి ఫ్లాట్లు వచ్చినా వీధిని అడగరు. తిరుపతి లాంటి ఊరు ఫ్యాక్టరీలతో పెరగలేదు, కట్టడాలతో పెరిగింది. యాత్రికుల కోసం లాడ్జీలు, చదువుల కోసం హాస్టళ్లు, రిటైరయ్యాక స్వామి పాదాల దగ్గర ఉండాలనుకునేవాళ్ల కోసం ఫ్లాట్లు. అంటే మన ఊరిని ఎక్కువగా మార్చే పనుల మీద మన నోటి మాటకు అధికారికంగా చోటు లేదు. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం.

చదువుల ఊరు కాబట్టి ఇంకో సంగతి. 2025 జనవరి 29న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ 20,000 చదరపు మీటర్లు దాటినా సరే స్కూళ్లు, కాలేజీలు, హాస్టళ్లు, పారిశ్రామిక షెడ్లకు ముందస్తు అనుమతి అక్కర్లేదంది. అదే ఏడాది ఆగస్టు 5న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. కాబట్టి గీత దాటే కాలేజీ క్యాంపస్‌కైనా, హాస్టల్ బ్లాకుకైనా ఈ అనుమతి కావాల్సిందే.

మరి ఈ పని నేరుగా కార్పొరేషన్లకే ఇచ్చేస్తే పోదా? ఆ ప్రయత్నం రెండుసార్లు జరిగింది. 2016 డిసెంబర్‌లో కేంద్రం పర్యావరణ షరతులను బిల్డింగ్ ప్లాన్‌లోనే కలిపేసి, స్థానిక సంస్థల్లో పర్యావరణ విభాగం పెట్టి, అక్కడే తేల్చేయాలని నోటిఫికేషన్ తెచ్చింది. 2017 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని ఒప్పుకోలేదు. 2018 నవంబర్‌లో 20,000 నుంచి 50,000 చదరపు మీటర్ల భవనాలను స్థానిక సంస్థలకు అప్పగిస్తూ మళ్లీ ఉత్తర్వు వస్తే, ఢిల్లీ హైకోర్టు ఆ నెలలోనే స్టే ఇచ్చింది. ఈ వాదనలో రెండు వైపులా నిజం ఉంది. ఊరి వాలు, ఊరి కాలువలు తెలిసేది ఊళ్లో ఉన్నవాళ్లకే. కానీ రోజూ ప్లాన్లు పాస్ చేసే అదే టేబుల్ మీద, శాస్త్రం తెలిసినవాళ్లు లేకుండా ఈ పరిశీలన కూడా పెడితే అది ఇంకో రబ్బరు స్టాంపు అవుతుందన్న భయమూ వట్టిది కాదు.

ఇప్పుడు గీత కింద ఉన్నవాటి సంగతి. మనలో ఎక్కువమంది ఉండేది వీటిలోనే. వీటికి పర్యావరణ పరిశీలన అంటూ ఏదైనా ఉంటే అది బిల్డింగ్ ప్లాన్‌లోనే ఉంది. తిరుపతిలో కార్పొరేషన్, చుట్టుపక్కల మండలాల్లో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఈ ప్లాన్లు చూస్తాయి. 2017 మార్చిలో 119వ నంబరు జీవోతో వచ్చిన ఏపీ బిల్డింగ్ రూల్స్‌లో నీటి వనరులకు దూరం ఎంత ఉండాలో రాశారు. 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువు అయితే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. వంక, కాలువ, వాననీటి డ్రెయిన్ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, 10 మీటర్లలోపు అయితే 2 మీటర్లు.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు మరవ (అలుగు) పారేదాకా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. రాయలసీమలో అలా నిండేది ఎన్నేళ్లకోసారి! మిగతా ఏళ్లన్నీ అది ఎండిన మైదానంలా, కంప చెట్లతో కనిపిస్తుంది. పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. పదేళ్లు గడిచేసరికి అది చెరువన్న సంగతి జనానికి మరుపు వస్తుంది. గీత కాగితం మీద ఉండాలి, నేల మీద రాళ్లు పాతి ఉండాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఇరిగేషన్ వాళ్లు, రెవెన్యూ సర్వేయర్లు కలిసి చేయాల్సిన పని అది. అది జరగని చోట 30 మీటర్లు ఎక్కడినుంచి కొలవాలో తెలియదు.

పైగా ఈ దూరాలు చెరువు అంచును కాపాడతాయి తప్ప చెరువుకు నీళ్లు తెచ్చే దారిని అంతగా కాపాడవు. మన చెరువులు గొలుసుకట్టు. పైచెరువు మరవ పారితే వంకలో పడి కిందిచెరువుకు చేరుతుంది. ఎగువన వంక మీద ఒక కాంపౌండ్ గోడ లేస్తే దిగువన చెరువు ఎండుతుంది, మధ్యలో కాలనీ మునుగుతుంది.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. దేశం మొత్తానికి ఈ పాఠం చెప్పిన కేసు మన తిరుపతిదే. అవిలాల చెరువు, పేరూరు చెరువు భూములను 1990లలో ప్రభుత్వం ఇళ్ల కోసం కేటాయించింది. పేరూరు చెరువు భూమి టీటీడీకి, అవిలాల చెరువు భూమి హౌసింగ్ బోర్డుకు. ఇంటలెక్చువల్స్ ఫోరం, తిరుపతి అనే పౌర సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చెరువుల్లాంటివి ప్రభుత్వం సొంత ఆస్తి కాదు, ప్రజల తరఫున కాపలా మాత్రమే అన్న సూత్రాన్ని కోర్టు గట్టిగా నిలబెట్టింది. లా కాలేజీల్లో ఇప్పటికీ ఈ తీర్పు చదువుతారు. మన ఊరి పేరు అలా ఆ తీర్పులో ఉండిపోయినందుకు నాకు గర్వంగా ఉంటుంది.

ఆ తీర్పులో సూత్రం కంటే నన్ను ఎక్కువ కట్టిపడేసింది చివర్లోని ఆదేశాలు. అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు. ఇకపై కొత్త కట్టడం వద్దంది. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే బోదెద్దుల వంకను శుభ్రం చేసి మళ్లీ పారించాలంది, ఆ దారికి అడ్డున్న చిన్న చెక్‌డ్యామ్‌ను తీసేయమంది. కట్టిన ప్రతి ఇంటి కప్పు మీది వాననీటినీ భూమిలోకి ఇంకించాలంది. ఆ ప్రాంతంలో బోర్లు వేయకూడదంది. అంటే జడ్జీలు చెరువుతో ఆగలేదు, వంకను పేరుపెట్టి పిలిచారు. ప్లాటును కాదు, వాలును చూశారు. ఏ ప్లాన్ అయినా ఎలా చూడాలో ఆ ఒక్క పేజీ చాలు, నేర్పుతుంది.

ఆ చూపు ప్లాటుకో ప్లాను పాస్ చేసేటప్పుడు రాదు. అంతకుముందే, తుడా మాస్టర్ ప్లాన్ గీసేటప్పుడు రావాలి. ఊరి వంకలన్నీ ఒకే పటం మీద కనిపించేది అప్పుడే. ఏ భూమి నివాసానికి, ఏది వాణిజ్యానికి అని రంగులు వేసే డ్రాఫ్ట్ మీద అభ్యంతరాలు అడుగుతారు. మనం ఆ నోటీసును పట్టించుకోకుండా వదిలేసి, పదేళ్ల తర్వాత సెల్లార్లో నీళ్లు తోడుకుంటూ బాధపడతాం. నేనూ అంతే. ఆ నోటీసు నేనెప్పుడూ చదవలేదు.

ఇక అమలు. అనుమతి కాగితంలో అసలు బరువంతా షరతుల్లో ఉంటుంది. గీత దాటిన ప్రాజెక్టులైతే ఏటా జూన్ 1కి ఒకటి, డిసెంబర్ 1కి ఒకటి అమలు నివేదికలు ఇవ్వాలి. అవి ప్రజలు చూడదగ్గ పత్రాలు. అనుమతి వచ్చిన సంగతి స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. కాపీ మున్సిపాలిటీకో పంచాయతీకో ఇవ్వాలి, వాళ్లు దాన్ని 30 రోజులు బోర్డు మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. స్థానిక సంస్థ మీద చట్టం నేరుగా పెట్టిన బాధ్యత ఇది. ఖర్చు లేని పని. ఆ 30 రోజులకు విలువ ఉంది, ఎందుకంటే అనుమతి మీద హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే గడువు కూడా 30 రోజులే. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా ట్రిబ్యునల్ అవకాశం ఇవ్వొచ్చు, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. మనకు సంబంధించిన దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది, బస్సెక్కితే మూడు నాలుగు గంటలు.

గీత కింద ఉన్న భవనాలకు ఆ నివేదికలేవీ లేవు. అక్కడ ఒకే ఒక్క పట్టు ఉంది: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అదే ఓసీ. ప్లాన్ ప్రకారం కట్టారని చూశాకే ఓసీ ఇవ్వాలి. దానికి హామీగా కట్టుబడిలో 10 శాతం కార్పొరేషన్ దగ్గర తనఖా ఉంటుంది. చుట్టూ వదలాల్సిన ఖాళీ, అదే సెట్‌బ్యాక్, తగ్గినా, ఇంకుడు గుంత లేకపోయినా ఆ 10 శాతం విడిపించకుండా ఆపొచ్చు. బిల్డర్‌కు నిజంగా నొప్పి తెలిసే చోటు అదొక్కటే. ఫ్లాట్ కొనేటప్పుడు మనం వాస్తు చూస్తాం, కొళాయి తిప్పి చూస్తాం, ఓసీ అడగం. అడక్కుండానే గృహప్రవేశం చేసేసి పాలు పొంగిస్తాం. కొనేవాడే అడక్కపోతే తనిఖీకి వచ్చేవాళ్లకు ఏం పట్టు ఉంటుంది?

మా సంగతే చెబుతాను. మా ప్లాన్ కాపీలో ఈశాన్యం మూలన ఒక చిన్న నీలం చతురస్రం, దాని పక్కన 'ఇంకుడు గుంత' అని ఉంది. కిందికి దిగి చూస్తే అక్కడ టైల్స్ పరిచి ఉన్నాయి, ఎవరిదో పాత స్కూటర్ ఉంది. అసోసియేషన్ మీటింగ్‌లో గొడవపడి రెండు టైల్స్ తీయించాం. కింద గుంత ఉంది, నిజమే. నడుముల్లోతు. దాన్నిండా సిమెంటు గడ్డలు, విరిగిన ఇటుకలు, ఖాళీ గోతాలు. కట్టేటప్పుడు మిగిలిన చెత్తనంతా అందులో వేసి మూసేశారు. దాన్ని ఖాళీ చేయడానికి ఇద్దరు మనుషులకు ఒక రోజు పట్టింది. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక వేసి, మేడ మీది పైపును దాంట్లోకి తిప్పాం.

వంక సంగతి తేల్చుకోవడానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మీరు పెట్టదలిస్తే ప్రశ్న గుండ్రంగా అడక్కండి. 'పర్యావరణ నిబంధనలు పాటించారా' అంటే ఏ ఆఫీసైనా 'పాటించారు' అని ఒక్క ముక్కలో రాసి పంపొచ్చు. ఫలానా సర్వే నంబరు ప్లాన్ కాపీ ఇవ్వండి, ఓసీ కాపీ ఇవ్వండి, అందులో చూపిన వాననీటి డ్రెయిన్ వెడల్పు ఎంతో చెప్పండి, ఆ సర్వే నంబరు పటం నకలు ఇవ్వండి అని విడివిడిగా, కాగితం పేరుతో అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చింది సరిగా లేకపోయినా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ప్లాన్‌కూ కట్టడానికీ తేడా కనిపిస్తే ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి రాసిచ్చి, రసీదు తీసుకోండి. తర్వాత ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఆ రసీదే.

నాకు వచ్చిన పటం నకలును ఎదురింటి అవ్వకు చూపించాను. ఆమెకు చదువు రాదు. వేపచెట్టు ఎక్కడ, బావి ఎక్కడ అని నన్నే అడిగి, ఆ గుర్తుల లెక్కన వేలు జరుపుకుంటూ వచ్చి జంట గీతల మీద ఆపింది. పక్కనే చిన్న అక్షరాలతో 'వంక పోరంబోకు' అని రాసి ఉంది. ఆ జంట గీతలు మా కాంపౌండ్ గోడను వెనకవైపు ఒక చోట దాటి, వాచ్‌మన్ గది పక్కగా వెళ్తున్నాయి. 2021లో నీళ్లు గోడను నెట్టి పగుళ్లు తెచ్చింది సరిగ్గా అక్కడే.

ఆ పటం జత చేసి, ఎగువన ఉన్న రెండు అపార్ట్‌మెంట్ల వాళ్లతో కూడా సంతకాలు పెట్టించి, వంకను సర్వే చేసి హద్దులు చూపించాలని కార్పొరేషన్‌కు, తహసీల్దార్ ఆఫీసుకు అర్జీ ఇచ్చాం. సర్వేయర్ ఒకసారి వచ్చి వెళ్లారు. ఈలోగా మేం గోడకు ఆ చోట మూడడుగుల వెడల్పున కన్నం కొట్టించి, ఇనుప గ్రిల్ పెట్టించాం. వాన పడిన రోజు వాచ్‌మన్ అక్కడ చేరిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు చీపురుతో లాగేస్తూ ఉంటాడు.